ఇంట్లో టిష్యూ కల్చర్: కార్తీకంలో సీసా, మృగశిరలో మొక్క

2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణమ్మ పొంగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. తోట్లవల్లూరు వైపు లంకలో మా అమ్మమ్మగారి పెరట్లో నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఒక చక్కెరకేళి గుబురు ఉండేది. రోజుల తరబడి నీళ్లలో నిలబడి అది దుంపతో సహా కుళ్లిపోయింది. గట్టు మీద ఒక్క చెట్టు మిగిలింది, దాని మొదట్లో మూడు పిలకలు. "ఒకటి తీసుకెళ్లి నీ ప్రయత్నమేదో చెయ్యమ్మాయ్, రెండు మాత్రం ఇక్కడే ఉండనీ" అన్నాడు మా మామయ్య. ఆ ఒక్క పిలకతో విజయవాడలో మా ఇంటి వెనక గదిలో టిష్యూ కల్చర్, అంటే మొక్క ముక్కను సీసాలో పెంచి కొత్త మొక్కలు చేయడం, ఎలా చేశానో ఇక్కడ రాస్తున్నాను. కుక్కరు ఇంట్లో ఉన్నదే. మిగతా సామాను అంతటికీ నాకు నాలుగు వేల రూపాయలు దాటలేదు.

ముందు ఒక విషయం. గ్రాండ్ నైన్ లాంటి మామూలు రకం అరటి కావాలంటే ఈ శ్రమ అక్కర్లేదు, టిష్యూ కల్చర్ మొక్కలు నర్సరీల్లో చౌకగా దొరుకుతాయి. కొందామన్నా దొరకని మొక్క, పోతే మళ్లీ రాని మొక్క మీ దగ్గర ఉంటే అప్పుడు దీని విలువ తెలుస్తుంది.

అసలు సీసాలో ఏం జరుగుతుంది

మొక్కలోని చిన్న ముక్కను, ముఖ్యంగా మొగ్గ ఉన్న ముక్కను, సూక్ష్మజీవులు ఏమీ లేని సీసాలో పోషకాల జెల్లీ మీద పెడతాం. ఆ జెల్లీని మీడియా అంటారు. అందులో లవణాలు, విటమిన్లు, చక్కెర, గట్టిపడడానికి అగర్ ఉంటాయి. మూత పెట్టిన సీసాలో ముక్క తన తిండి తాను సరిగా వండుకోలేదు కాబట్టి చక్కెర మనమే ఇస్తాం. అందరూ వాడే లవణాల మిశ్రమం ఎంఎస్ మీడియా. పొగాకు కణజాలం మీద పనిచేసిన మురాషిగె, స్కూగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1962లో దీన్ని ప్రచురించారు. వాళ్ల పేర్లలోని మొదటి అక్షరాలే ఎంఎస్.

ఇక హార్మోన్లు. 1957లోనే స్కూగ్, మిల్లర్ ఒక సూత్రం చూపించారు. సైటోకైనిన్ అనే హార్మోన్ వాటా ఎక్కువైతే పిలకలు వస్తాయి, ఆక్సిన్ అనే హార్మోన్ వాటా ఎక్కువైతే వేర్లు వస్తాయి. మనకు పిలకల కోసం బీఏపీ అనే సైటోకైనిన్, వేర్ల కోసం ఐబీఏ అనే ఆక్సిన్, ఈ రెండు చాలు.

చక్కెర కలిసిన ఆ జెల్లీ మొక్కకు ఎంత ఇష్టమో బూజుకు అంతకంటే ఇష్టం. ఒక్క బీజం పడినా వారంలో సీసా అంతా దానిదే. అందుకే టిష్యూ కల్చర్‌లో ముప్పాతిక వంతు పని శుభ్రతే. ఆ విషయం దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను.

ఎప్పుడు మొదలుపెట్టాలి

సీసాల్లోని మొక్కలకు 25 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. 30 దాటితే నీరసిస్తాయి, బాక్టీరియా విజృంభిస్తుంది. ఏడాది పొడవునా ఏసీ నడిపే ల్యాబులకు ఇది సమస్య కాదు. బెజవాడ ఎండలో మనకు మాత్రం ఇదే పెద్ద సమస్య. కాబట్టి పంచాంగం ప్రకారం వెళ్లడం మంచిది.

కార్తీకంలో మొదలుపెట్టండి. శివరాత్రికి చలి శివశివా అని వెళ్లిపోయే లోపు ముఖ్యమైన కోతలు, మార్పులు దాదాపు అయిపోవాలి. చైత్రంలో వేర్ల మీడియాకు మార్చండి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలకు సీసాలను ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో, రాత్రి ఏసీ వేసే పడగ్గది అయితే మరీ మంచిది, నేలకు దగ్గరగా పెట్టి ఊరికే కాపాడుకోండి. మృగశిరలో తొలకరి పడి గాలిలో తేమ పెరిగాక మొక్కల్ని బయటికి తీయండి. సీసాలోంచి వచ్చిన మొక్కకు కావలసిన తేమ ఆ రోజుల్లో ఊరికే దొరుకుతుంది.

ఏ మొక్కతో చేయి తిరగాలి

అరటితో మొదలుపెట్టొద్దు. దాని దుంప నేలలో పెరుగుతుంది, ముక్క లోపల కూడా బాక్టీరియా ఉంటుంది, కోసిన చోట నల్లబడుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు బంగాళాదుంప మొలక మంచి గురువు. హార్మోన్ లేని మామూలు ఎంఎస్ మీడియా మీదే, కణుపున్న ముక్క పెడితే చాలు, వేరూ కొమ్మా రెండూ వస్తాయి. అంటే హార్మోన్ కొలతల టెన్షన్ లేకుండా మీ శుభ్రత ఎలా ఉందో మాత్రమే పరీక్షించుకోవచ్చు. పది బంగాళాదుంప సీసాల్లో ఏడు శుభ్రంగా నిలిచే వరకు విలువైన మొక్క జోలికి వెళ్లకండి. నేను రెండు విడతలు చేశాకే పిలక మీద కత్తి పెట్టాను.

సామాను

సర్జికల్ బ్లేడ్ పిడి, బ్లేడ్లు, పొడవాటి పటకారు, గ్లౌజులు, 1 మి.లీ. సిరంజీలు, కాగితపు సర్జికల్ టేపు ఆస్పత్రులు ఉండే సూర్యారావుపేట వైపు సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, సోడియం హైపోక్లోరైట్ (ద్రవ బ్లీచ్) కూడా అక్కడే అడగండి. పెద్ద పారదర్శక ప్లాస్టిక్ డబ్బా, వెడల్పు మూతి గాజు సీసాలు వన్‌టౌన్‌లో హోల్‌సేల్ ధరకు వస్తాయి. ఇంట్లో జామ్, పచ్చడి సీసాలున్నా చాలు, మూత మాత్రం ఇనుప రేకుదో పాలీప్రొపిలీన్‌దో అయి ఉండాలి. నీళ్ల సీసాల ప్లాస్టిక్ కుక్కర్లో ముడుచుకుపోతుంది. 0.01 గ్రాము చూపించే నగల తూకం, పీహెచ్ పేపర్లు, ఎంఎస్ పొడి, బీఏపీ, ఐబీఏ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు.

ఎంఎస్ పొడి కొనేటప్పుడు లీటరుకు సరిపడా కట్టిన చిన్న ప్యాకెట్లే అడగండి. ఆ పొడి గాలిలో తేమను పీల్చుకుంటుంది, మన ఊరి తేమకు తెరిచిన డబ్బా కొన్నాళ్లకే గడ్డ కడుతుంది. కొన్ని ప్యాకెట్లలో చక్కెర, అగర్ కూడా కలిసే వస్తాయి, కాబట్టి లీటరుకు ఎన్ని గ్రాములో ప్యాకెట్ మీద ఉన్న అంకెనే పాటించండి. ఏమీ కలపకుండా విటమిన్లతో మాత్రమే వచ్చే రకం సాధారణంగా లీటరుకు 4.4 గ్రాములు.

చక్కెర మనం కాఫీలో వేసుకునేదే సరిపోతుంది. అగర్ అంటే కిరాణా కొట్లో దొరికే చైనా గ్రాసే. ల్యాబు అగర్‌కు లీటరుకు 8 గ్రాములు వేస్తే, చైనా గ్రాస్ 10 గ్రాముల దాకా పట్టవచ్చు. ముందు ఒక సీసాలో గట్టిపడుతుందో లేదో చూసుకోండి. నీళ్లు ఆర్‌ఓవి వాడండి, కుళాయి నీళ్లు వద్దు.

గాలి కదలని పెట్టె

ల్యాబుల్లో వడగట్టిన గాలి వీచే లామినార్ ఫ్లో బల్ల ఉంటుంది. మనకు దానికి బదులు గాలి కదలని పెట్టె. 50, 60 లీటర్ల పారదర్శక డబ్బాను బోర్లించి, ఒక పక్క రెండు చేతులు దూరేలా 12 సెంటీమీటర్ల గుండ్రటి రంధ్రాలు చేయండి. అంచుల్ని టేపుతో చుట్టండి. ఇంతే. గాలి కదలకపోతే అందులోని ధూళి, బీజాలు మెల్లగా కిందికి దిగిపోతాయి, తెరిచిన సీసాలో పడే అవకాశం తగ్గుతుంది. ఈ పెట్టెకు ఉన్న బలం అదొక్కటే. కాబట్టి లోపల చేతులు నిదానంగా కదపాలి, తెరిచిన సీసా మీదుగా చేయి పోనివ్వకూడదు.

మొదటి విడతలో నేను పన్నెండు సీసాలు పెడితే తొమ్మిది బూజు పట్టాయి. పెట్టె బాగానే చేశాను, ఆల్కహాల్ చల్లాను, గ్లౌజులు వేసుకున్నాను. కానీ ఉక్కగా ఉందని సీలింగ్ ఫ్యాను ఆపలేదు. రెండో విడతలో ఫ్యాను, ఏసీ అరగంట ముందే ఆపి, తలుపులు మూసి, తెల్లవారుజామున ఐదింటికి కూర్చున్నాను. పన్నెండులో రెండే పోయాయి. ఇల్లు ఊడ్చిన గంటలోపు, వంటింట్లో పోపు పెడుతున్నప్పుడు, దుప్పట్లు దులిపిన గదిలో ఈ పని చేయకండి. తలస్నానం చేసి, ఉతికిన బట్ట కట్టుకుని, జుట్టు ముడిచి, మాస్కు వేసుకుని మడిగా కూర్చోండి. నైవేద్యం వండేటప్పుడు పాటించే మడి ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది.

పెట్టె లోపల తుడవడానికి 70 శాతం ఆల్కహాల్ వాడాలి. 700 మి.లీ. ఐసోప్రొపైల్‌కు 300 మి.లీ. నీళ్లు. చిక్కగా ఉంటే ఇంకా బాగా పనిచేస్తుందని అనుకోవద్దు. కొంచెం నీళ్లుంటేనే ఆల్కహాల్ సూక్ష్మజీవి లోపలికి దిగి చంపుతుంది. తుడిచి, పొగమంచులా చల్లి, పది నిమిషాలు ఆగండి.

పెట్టెలో మంట వద్దు. ల్యాబు వీడియోల్లో పటకారును స్పిరిట్ దీపం మీద కాలుస్తారు. ఆల్కహాల్ ఆవిరి నిండిన మూసిన డబ్బాలో అలా చేస్తే చేతులు, ముఖం కాలతాయి. మనం బ్లేడ్లు, పటకార్లు నాలుగైదు జతలు అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి కుక్కర్లో శుద్ధి చేసుకుందాం. ఒక్కో ముక్కకు మధ్య 70 శాతం ఆల్కహాల్‌లో ముంచి, శుద్ధి చేసిన నీళ్లలో జాడించి వాడుకుంటే చాలు.

హార్మోన్ ద్రావణం

ఒక లీటరుకు మిల్లీగ్రాముల్లో వేసేదాన్ని ప్రతిసారీ తూచలేం. అందుకే ముందే ద్రావణం చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. 200 మిల్లీగ్రాముల బీఏపీ తూచండి. అది నేరుగా నీళ్లలో కరగదు. 4 గ్రాముల కాస్టిక్ సోడాను 100 మి.లీ. నీళ్లలో కరిగించి, ఆ నీళ్లు బొట్టు బొట్టుగా వేస్తూ కలపండి. పొడి కరిగిపోయాక 200 మి.లీ. వరకు నీళ్లు పోయండి. ఇప్పుడు ఒక మి.లీ.లో ఒక మిల్లీగ్రాము బీఏపీ ఉంటుంది. ఐబీఏ కూడా ఇలాగే. కాస్టిక్ సోడా చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. సోడాను నీళ్లలో వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. సీసా మీద పేరు, తేదీ పెద్దక్షరాలతో రాసి పిల్లలకు అందకుండా పెట్టండి.

మీడియా వండడం

నేను ఒకసారికి 250 మి.లీ. చేస్తాను. ఏడెనిమిది సీసాలకు వస్తుంది, ఒక కుక్కర్లో పడుతుంది.

1. 200 మి.లీ. ఆర్‌ఓ నీళ్లలో ఎంఎస్ పొడి 1.1 గ్రాములు, చక్కెర 7.5 గ్రాములు కరిగించండి.
2. హార్మోన్ వేయాల్సి ఉంటే సిరంజితో ఇప్పుడే వేయండి. లీటరుకు 4 మిల్లీగ్రాములు కావాలంటే ఈ 250 మి.లీ.కి సరిగ్గా 1 మి.లీ. ద్రావణం. 2 మిల్లీగ్రాములు కావాలంటే అర మి.లీ. బంగాళాదుంపకు ఏమీ వద్దు.
3. నీళ్లు 250 వరకు పోసి పీహెచ్ చూడండి. 5.7, 5.8 దగ్గర ఉండాలి. తక్కువుంటే చిటికెడు వంటసోడా కరిగించిన నీళ్లు, ఎక్కువుంటే ఒకటి రెండు చుక్కల వెనిగర్. పీహెచ్ తగ్గి పులుపు మరీ ఎక్కువైతే అగర్ గట్టిపడదు. జారుగా మిగిలిన సీసాలకు చాలాసార్లు కారణం ఇదే.
4. అగర్ 2 గ్రాములు వేసి, పాయసం కలిపినట్టు అడుగంటకుండా కలుపుతూ పూర్తిగా కరిగే దాకా మరిగించండి.
5. వేడిగా ఉండగానే సీసాకు 30 మి.లీ. చొప్పున పోసి, మూత పెట్టి పావు తిప్పు వదులుగా ఉంచండి.

కుక్కరు: విజిల్స్ లెక్క కాదు, నిమిషాల లెక్క

121 డిగ్రీల ఆవిరిలో 20 నిమిషాలు ఉంటే మొండి బీజాలు కూడా చస్తాయి. మన ఇళ్లలో వెయిట్ పెట్టే కుక్కర్లు సుమారు ఒక కిలో ఒత్తిడి మీద పనిచేస్తాయి, అంటే ల్యాబులోని ఆటోక్లేవ్ చేసే పనే అవి చేస్తాయి. అడుగున రెండు మూడు సెంటీమీటర్ల నీళ్లు పోసి, రింగ్ లేదా చిల్లుల పళ్లెం వేసి, దాని మీద సీసాలు ఒకదానికొకటి తగలకుండా పేర్చండి. వెయిట్ వెంటనే పెట్టొద్దు. ఆవిరి సన్నగా ధారలా రెండు మూడు నిమిషాలు వెళ్లనివ్వండి. లోపలి గాలి అంతా బయటికి పోకపోతే ఒత్తిడి ఉన్నా వేడి చాలదు. తర్వాత వెయిట్ పెట్టి, మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి అక్కడి నుంచి 20 నిమిషాలు గడియారం చూడండి. పెద్ద కుక్కరు, నిండా సీసాలు అయితే 25.

దించాక వెయిట్ ఎత్తకండి. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే సీసాల్లో మీడియా పొంగి మూతల్లోంచి కారుతుంది. దానంతట అదే చల్లారాక తీసి వెంటనే మూతలు బిగించండి. ఇదే విధంగా ఇంకో వాయిలో ఫాయిల్‌లో చుట్టిన పనిముట్లు, సీసాల్లో నీళ్లు, ముక్కలు కోయడానికి కాగితంలో చుట్టిన చిన్న స్టీలు పళ్లేలు కూడా శుద్ధి చేసి పెట్టుకోండి. నీళ్లు కనీసం ఆరు సీసాలు కావాలి.

మీడియా సీసాలను వెంటనే వాడకుండా ఐదు రోజులు ఊరికే ఉంచండి. ఈ లోపు బూజు వచ్చిన సీసా కుక్కర్ దగ్గరే పాడైందని అర్థం. ఈ ఐదు రోజుల ఓపిక లేకపోతే తర్వాత తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోలేరు.

మొదటి పాఠం: బంగాళాదుంప

దుంపల్ని వెలుతురు తక్కువున్న చోట పొడిగా పెట్టి మొలకెత్తనివ్వండి. మూడు నాలుగు సెంటీమీటర్ల మొలకలు తీసి, ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి మెల్లగా రుద్ది, పారే కుళాయి కింద 20 నిమిషాలు ఉంచండి. తర్వాత పెట్టెలో 70 శాతం ఆల్కహాల్‌లో 30 సెకన్లు. ఆ తర్వాత 1 శాతం హైపోక్లోరైట్‌లో 10 నిమిషాలు. కొన్న సీసా 4 శాతం అయితే ఒక పాలు మందుకు మూడు పాళ్లు నీళ్లు. అందులో ఒక చుక్క సబ్బు వేస్తే మొలక గీతల్లోకి మందు దిగుతుంది. ఆపైన శుద్ధి చేసిన నీళ్లు మార్చి మార్చి మూడుసార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు కడగండి.

మందు తగిలి తెల్లబడిన కొసలు కోసేసి, ఒక్కో కణుపుతో సెంటీమీటరు ముక్కలు చేయండి. తలకిందులు కాకుండా, కణుపు మీడియాకు కాస్త పైన ఉండేలా గుచ్చండి. మూత బిగించి, చుట్టూ కాగితపు సర్జికల్ టేపు వేయండి. దాంట్లోంచి గాలి ఆడుతుంది, దుమ్ము దూరదు. సీసాకు ఒకే ముక్క పెడితే ఒకటి పాడైనా పక్కది బతుకుతుంది.

సీసాల అరకు 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు ఒకటి, అడుగు దూరంలో, రోజుకు 16 గంటలు. ఎండలో మాత్రం పెట్టకండి, మూసిన సీసా పొయ్యిలా కాగుతుంది. చీమల సంగతి కూడా చూసుకోవాలి. చక్కెర వాసనకు అవి వస్తాయి, వాటి కాళ్ల వెంట బూజు బీజాలు వస్తాయి. పాలగిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టినట్టే, అర కాళ్లను నీళ్ల గిన్నెల్లో నిలబెట్టండి.

మూడు నాలుగు వారాల్లో నాలుగైదు కణుపుల మొక్క తయారవుతుంది. దాన్ని మళ్లీ కణుపు కణుపుగా కోసి కొత్త సీసాల్లో పెట్టండి. ఇదే సబ్‌కల్చర్. ఒకటి నాలుగు, నాలుగు పదహారు అవుతుంటే కలిగే ధైర్యం వేరు.

సీసా పాడైతే దాన్ని చదవండి

పారేసే ముందు మచ్చ ఎక్కడ మొదలైందో చూడండి. ముక్కకు దూరంగా జెల్లీ మీద దూదిలా బూజు లేస్తే అది గాలిలోంచి వచ్చింది, అంటే ఫ్యాను, తొందర, మూత తెరిచి ఉంచిన సమయం చూసుకోవాలి. ముక్క నుంచే బూజు పుడితే ముక్కను కడగడం చాలలేదు. ముక్క అడుగున పాలలా, జిగురుగా మసక కనిపిస్తే బాక్టీరియా, అది చాలాసార్లు మొక్క లోపలే ఉన్నది. దానికి కడగడం పెంచి లాభం లేదు, ఇంకా చిన్న ముక్క, ఇంకా లోపలి మొగ్గ తీసుకోవాలి.

బూజు పట్టిన సీసాను ఇంట్లో తెరవకండి. మూతతోనే మళ్లీ కుక్కర్లో 20 నిమిషాలు ఉడికించి, అప్పుడు కడగండి.

ఆకులు గాజులా, నీరు పట్టినట్టు మెరుస్తుంటే సీసాలో తేమ, బీఏపీ ఎక్కువయ్యాయి. తర్వాతి విడతలో బీఏపీ తగ్గించి, అగర్ కొంచెం పెంచండి.

ఇక అరటి పిలక

తల్లి చెట్టు ఎంపిక అన్నిటికన్నా ముఖ్యం. టిష్యూ కల్చర్ చేస్తే రోగాలన్నీ పోతాయన్నది నిజం కాదు. మట్టిలోంచి వచ్చే బూజులు, నులిపురుగులు పోతాయి. వైరస్ పోదు, తల్లికి ఉంటే ప్రతి పిల్లకూ వస్తుంది. ఆకులు సన్నబడి, నిటారుగా, తల మీద కుచ్చులా గుమిగూడితే, కాడల మీద ముదురు పచ్చ చుక్కలు, గీతలు ఉంటే అది పేనుబంకతో వ్యాపించే వెర్రితల తెగులు. అలాంటి గుబురు నుంచి ఒక్క పిలక కూడా తీసుకోవద్దు. పెద్ద ఎత్తున చేసేవాళ్లు ల్యాబులో వైరస్ పరీక్ష చేయించుకుంటారు. టిష్యూ కల్చర్ మొక్కలకు జాతీయ ధ్రువీకరణ విధానం 2006లో వచ్చింది. పరీక్ష లేని ఇంటి మొక్కల్ని పెరటికే ఉంచుకోండి, రైతులకు అమ్మకండి.

ఆకు కత్తిలా సన్నగా ఉన్న సూది పిలకను, మోకాలెత్తు లోపుది, దుంపతో తీయండి. మీ దగ్గర ఉన్నది ఒకే పిలక అయితే దాన్ని నేలలోనే పెరగనివ్వండి, అది ఇంకో పిలక వేశాక చూద్దాం. ఈ పద్ధతిలో తీసుకున్న పిలక పూర్తిగా ఖర్చయిపోతుంది.

మట్టి కడిగి, బయటి పొరలు ఒక్కొక్కటే ఒలిచి, అడుగున కొంచెం దుంప ఉండేలా ఐదారు సెంటీమీటర్ల దిమ్మగా చెక్కండి. సబ్బు నీళ్లతో కడిగి, 2 శాతం హైపోక్లోరైట్‌లో 20 నిమిషాలు ఉంచి, పెట్టెలో శుద్ధ నీళ్లతో కడగండి. మరో రెండు పొరలు ఒలిచి, మూడు సెంటీమీటర్లకు తగ్గించి, మళ్లీ 1 శాతంలో 10 నిమిషాలు. మూడుసార్లు కడిగి, చివరి పొరలు కూడా తీసి, లోపలి లేత మొగ్గ మధ్యలో ఉండేలా సెంటీమీటరున్నర ముక్క మిగల్చండి. ప్రతి పొరకూ బ్లేడు మార్చండి.

కోసిన చోట నిమిషాల్లో గోధుమ రంగు వస్తుంది. అది అరటిలోని ఫినాల్ పదార్థం, మీడియాలోకి దిగితే ముక్కను చంపుతుంది. లీటరుకు 0.1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి శుద్ధి చేసిన నీళ్లలో ముక్కను ఉంచి కోయండి. ఇక్కడ జాగ్రత్త: నిమ్మ ఉప్పు, వెనిగర్, బాత్రూమ్ యాసిడ్ ఏదీ హైపోక్లోరైట్‌తో కలవకూడదు, విషపు క్లోరిన్ గాలి వస్తుంది. మందు పూర్తిగా కడిగేశాకే నిమ్మ ఉప్పు నీళ్లు. ల్యాబుల్లో శుద్ధికి మెర్క్యురిక్ క్లోరైడ్ కూడా వాడతారు. అది పాదరసపు విషం, ఇంట్లోకి తేవద్దు.

లీటరుకు 4 మిల్లీగ్రాముల బీఏపీ ఉన్న మీడియాలో పెట్టి, మొదటి వారం చీకట్లో ఉంచితే నలుపు తగ్గుతుంది. అయినా జెల్లీ నల్లబడితే వెంటనే కొత్త సీసాకు మార్చండి. నేను మొదటి నెలలో మూడుసార్లు మార్చాను. నెల తిరిగేసరికి ముక్క ఉబ్బి పచ్చబడుతుంది. అప్పుడు మొగ్గ మధ్యగా నిలువునా రెండుగా చీల్చి మళ్లీ అదే మీడియాలో పెట్టండి. నడినెత్తి మొగ్గ పెత్తనం పోయి, పక్క మొగ్గలు లేస్తాయి. మూడు నాలుగు వారాలకొకసారి గుత్తిని విడదీసి కొత్త సీసాల్లోకి మార్చాలి. ఇలా మార్చడం ఎనిమిదిసార్లు దాటనివ్వొద్దు, దాటితే తల్లి గుణం తప్పిన మొక్కలు ఎక్కువవుతాయి. పెరటి అవసరానికి నాలుగుసార్లు చాలు.

వేలెడంత ఎత్తు వచ్చిన పిలకల్ని విడివిడిగా, బీఏపీ లేకుండా లీటరుకు 1 మిల్లీగ్రాము ఐబీఏ ఉన్న మీడియాలోకి మార్చండి. 250 మి.లీ.కి పావు మి.లీ. ద్రావణం. అరటి వేరు సులువుగానే వేస్తుంది.

సీసా దాటించడం

సీసాలో బాగా వచ్చిన మొక్కలు చాలామందికి ఇక్కడే చస్తాయి. సీసాలో నూరు శాతం తేమలో పెరిగిన ఆకుకు పైన మైనపు పొర సరిగా ఉండదు, ఆకు రంధ్రాలు మూసుకోవడం తెలియదు. బయటి గాలి తగలగానే నీరంతా పోయి వేలాడిపోతుంది.

ముందు రెండు రోజులు మూత వదులు చేసి ఉంచండి. తర్వాత మొక్క తీసి గోరువెచ్చని నీళ్లలో వేర్లకు అంటిన జెల్లీ ఒక్క రేణువు కూడా లేకుండా కడగండి, చక్కెర మిగిలితే వేరు కుళ్లుతుంది. రెండుమూడుసార్లు కడిగిన కొబ్బరి పొట్టును పిండితే చెమ్మ తెలియాలి గానీ నీరు కారకూడదు. అందులో నాటి, అడుగు కోసిన పారదర్శక నీళ్ల సీసా బోర్లించండి. నీడలో, నేరుగా ఎండ తగలని వరండాలో పెట్టండి. మొదటి వారం తెరవొద్దు. రెండో వారం సీసా బిరడా తీయండి. మూడో వారం సీసాను రోజూ కొన్ని గంటలు ఎత్తి ఉంచండి. కొత్త ఆకు వచ్చి నిటారుగా నిలబడితే సీసా తీసేయవచ్చు. సీసాలో ఉన్నప్పటి పాత ఆకులు ఎండిపోతే కంగారు పడకండి, అవి పోయేవే.

నెల, నెలన్నర తర్వాత మట్టి, పశువుల ఎరువు కలిపిన పాలిథిన్ సంచుల్లోకి మార్చి, షేడ్ నెట్ కింద ఇంకో రెండు నెలలు పెంచండి. అడుగు ఎత్తు, ఐదారు ఆకులు వచ్చాక నేలలో నాటవచ్చు.

నా ఒక్క పిలక నుంచి పద్నాలుగు మొక్కలు ఆ దశకు చేరాయి. తొమ్మిది మామయ్య లంకలో గట్టు మీద ఎత్తైన చోట నాటాడు. మూడు పటమటలో మా అక్కయ్య పెరట్లో, రెండు మా ఇంట్లో ఉన్నాయి. అన్నీ ఒకే చోట పెట్టలేదు, వరద ఎటు వచ్చినా ఏదో ఒకటి మిగలాలని. ప్రతి మొక్కకూ తగరపు రేకు మీద తేదీ, ఎన్నో సబ్‌కల్చర్ నుంచి వచ్చిందో గీసి కట్టాను. గెల వేసినప్పుడు ఏ చెట్టైనా తేడాగా కనిపిస్తే, ఆ విడత పిలకల్ని ఎవరికీ ఇవ్వకుండా తీసేయడానికి అది కావాలి.